నాలుగు చక్రాలుంటే పడదనుకున్నాం

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి, విషయం మాత్రం వదలకండి.

కానుం పొంగల్‌కి మన కుటుంబాలు కొన్ని కలిసి ఈసీఆర్ వైపు బీచికి వెళ్ళాం. అక్కడ ఏటీవీలు అద్దెకిస్తున్నారు. లావు టైర్లు, నాలుగు చక్రాలు, బైకులాంటి హ్యాండిల్. ఒక్కరు కూర్చునే బండి మీద పన్నెండేళ్ళ మనవడు ముందు, వాడి నాన్న వెనక. హెల్మెట్ ఏదని అడిగితే "ఇసకే కద సార్, పడినా దెబ్బ తగలదు" అన్నాడు అద్దెకిచ్చేవాడు. మేమూ నవ్వి ఊరుకున్నాం. దిబ్బ పక్కన మలుపులో బండి ఒరిగింది, పిల్లాడి చెయ్యి విరిగింది. బండి వాడి మీద పడలేదు, అదే అదృష్టం. తప్పు వాడిది కాదు, పెద్దవాళ్ళం మాది.

ఈ బండి ఎందుకు ఒరుగుతుంది? వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. చాలా మోడళ్ళలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. రైలు చక్రాలూ అంతే, కానీ వాటి అంచు వాలుగా ఉంటుంది కాబట్టి వంపులో సర్దుకుంటాయి. ఏటీవీ ఇసకలో కొంచెం జారితేనే తిరుగుతుంది. తారురోడ్డు మీద జారదు, అందుకే అక్కడ ఇంకా ప్రమాదం. నడిపేవాడు ఒంటిని మలుపు వైపు వంచాలి. వెనక ఇంకొకరుంటే అది కుదరదు.

అమెరికాలో ప్రమాదాలు పెరిగి, 1988లో కోర్టు ఒప్పందంతో కంపెనీలు మూడు చక్రాల ఏటీవీల అమ్మకం ఆపేశాయి. 90 సీసీ దాటిన బండి 16 ఏళ్ళలోపు పిల్లలకి వద్దన్నారు. మనం ఆ లెక్కన్నా పాటించవచ్చు కదా.

ఇంకో మాట. మనం వెళ్ళే జనవరి నుంచే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరంలో గుంట తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి కప్పేసి పోతాయి. పైనుంచి కనపడవు. టైరు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు రాత్రంతా తీరం వెంట నడిచి ఆ గుడ్లను కాపాడుతున్నారు. వాళ్ళ కష్టం మీద మనం బండి తోలకూడదు. జాలర్లు వలలు ఆరేసే చోటా అంతే.

మా మాట ఇది. వచ్చే టూర్ నుంచి సంఘం తరఫున నియమం పెడదాం: హెల్మెట్ లేకపోతే ఎక్కవద్దు, ఒక్కరి సీటు మీద ఇద్దరు వద్దు, 16 లోపు పిల్లలకి పెద్ద బండి ఇవ్వవద్దు, రోడ్డు మీదికి, జనంలోకి, తాబేళ్ళ కాలంలో తీరం మీదికి తీసుకుపోవద్దు.

రైల్వేలో ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ డ్రైవరైనా కాషన్ ఆర్డర్ చేతికిస్తే సంతకం పెట్టి తీసుకుంటాడు, చెప్పిన చోట స్పీడు తగ్గిస్తాడు. పరువు పోయిందనుకోడు. పిల్లలు అలుగుతారని మనం జంకవద్దు. అలక సాయంత్రానికి పోతుంది, చేతి కట్టు ఆరు వారాలు ఉంటుంది.