ఆంగ్లబోధన - కౌమార సాహిత్యం

పాఠశాలలలో బోధనభాష ఏది కావలెనన్న వివాదం తెలుగునాట కొత్తది కాదు. కాని ఇటీవలి సంవత్సరాలలో అది కొత్తరూపు దాల్చింది. సర్కారు బడులలో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టదలచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఉత్తర్వులు జారీచేయగా, 2020 ఏప్రిల్‌లో ఉన్నత న్యాయస్థానం వాటిని కొట్టివేసింది. అయినప్పటికీ ఆ విద్యాసంవత్సరమే ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఆంగ్లమాధ్యమం అమలులోకి వచ్చింది. ఈ మార్పు మేలా, కీడా అన్న చర్చ ఎంతగానో జరిగింది. జరగవలసినంత చర్చ జరగని విషయం మరొకటి ఉన్నది. బడిలో ఇంగ్లీషు పెరిగింది సరే. ఆ ఇంగ్లీషులో విద్యార్థి తనంతట తాను ఇష్టపడి చదువుకొనదగిన పుస్తకం ఏది?

పాఠ్యపుస్తకం ఆ పని చేయజాలదు. పుటపుటనా కొత్తమాటలు, పాఠం చివర ప్రశ్నలు, వ్యాకరణాభ్యాసాలు - వీటన్నిటి నడుమ కథ నలిగిపోతుంది. ఉపాధ్యాయుడు వాక్యం చదివి తెలుగులో అర్థం చెపుతాడు. పిల్లలు ఆ అర్థాన్ని వింటారు, వాక్యాన్ని వినరు. పరీక్ష నాటికి గైడు వస్తుంది. గైడులోని జవాబు కంఠస్థమవుతుంది. మార్కులు వస్తాయి, భాష మాత్రం రాదు. వెనుకటి తరాలవారు 'నాన్-డీటెయిల్డు' పేరిట చదివిన సంక్షిప్త నవలల గతి కూడా ఇంతే అయింది. వేగంగా, సంతోషంగా చదువుకొమ్మని ఇచ్చిన పుస్తకాన్ని పరీక్ష మింగివేసింది. కథను చదవకుండానే కథాసారాంశం వ్రాయగల నేర్పు విద్యార్థులకు అలవడింది.

ఈ లోపాన్ని నూరేళ్ళ క్రిందటనే గుర్తించినవాడు మైకేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన ఈ ఆంగ్లేయుడు 1926లో బెంగాలులోని ద్విభాషా సమస్యను గూర్చి ఒక గ్రంథం ప్రకటించాడు. బెంగాలీ బాలునికి ఇంగ్లీషులో మొదట కావలసినది చదివి గ్రహించే శక్తి అనీ, వాచకాలలో కొత్తమాటలు కిక్కిరిసి ఉండుటచేత ఆ శక్తి అలవడటం లేదనీ ఆయన వాదన. కొత్తమాటలను పలుచగా చల్లి, ఒక్కొక్కదానిని పలుమార్లు తిరిగి తెచ్చే వాచకాలను ఆయనే వ్రాశాడు. తరువాతి పరిశోధన ఈ త్రోవను బలపరచింది. కథాగ్రంథాన్ని ఎవరి సాయమూ లేక చదివి గ్రహించవలెనంటే నూటికి సుమారు 98 మాటలు ముందే తెలిసి ఉండవలెనని హూ, నేషన్ అనే పండితులు 2000లో అంచనా వేశారు. అనగా ఏభై మాటలలో ఒక్కటి మాత్రమే కొత్తది కావచ్చును. ఉపాధ్యాయులు తాము చెప్పే వాచకంలోని ఏ పుటనైనా ఈ కొలతతో కొలిచి చూడవచ్చును. పిల్లల తడబాటుకు కారణం మందబుద్ధి కాదని అప్పుడు తెలుస్తుంది.

తగిన పుస్తకాలిస్తే ఏమవుతుందో చెప్పే నిదర్శనం ఫిజీ ద్వీపాలలో ఉన్నది. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయి అనే విద్యావేత్తలు అక్కడి ఎనిమిది గ్రామీణ పాఠశాలలలో, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మనసుకు పట్టే 250 ఇంగ్లీషు కథాపుస్తకాలు అందించారు. ఆ బడులలో అంతకుముందు పుస్తకాలు బహు తక్కువ. కొన్ని తరగతులలో ఉపాధ్యాయుడు కథను పైకి చదివి పిల్లలతో ముచ్చటించేవాడు. మరికొన్నిటిలో పిల్లలు మౌనంగా చదువుకొనేవారు. ఎనిమిది నెలలు గడిచేసరికి, చదివి గ్రహించుటలోను విని గ్రహించుటలోను వారి ప్రగతి మామూలు కంటె రెట్టింపయింది. రెండవ సంవత్సరాంతానికి ఆ లాభం ఇంకా పెరిగి భాషలోని తక్కిన నైపుణ్యాలకు కూడా వ్యాపించింది. ఈ ఫలితాలు 1983లో ప్రకటితమైనాయి.

అయితే ఫిజీ పిల్లలు పదేళ్ళ ఈడువారు. చిన్నపిల్లల కథలు వారికి చాలినవి. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి విద్యార్థి సంగతి వేరు. అతని ఇంగ్లీషు ఏడేళ్ళ పిల్లవానిది కావచ్చును. మనస్సు మాత్రం పద్నాలుగేళ్ళది. పిల్లీ ఎలుకా కథ చేతికిస్తే అవమానమనుకుంటాడు. డికెన్సు నవల ఇస్తే మొదటి పుటలోనే మునిగిపోతాడు. ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీని పూరించేదే పాశ్చాత్యులు 'యంగ్ ఎడల్ట్' అని పిలిచే కౌమార సాహిత్యం. భావం పెద్దది, భాష తేలిక - ఇది దాని స్వభావం.

1967లో వెలువడిన 'ది అవుట్‌సైడర్స్' ఇందుకు మంచి ఉదాహరణ. రచయిత్రి ఎస్. ఇ. హింటన్ బడిలో చదువుకొంటూ వ్రాసిన ఆ నవల అచ్చయ్యేనాటికి ఆమె వయస్సు 18 సంవత్సరాలు. కథ చెప్పే బాలునికి పద్నాలుగేళ్ళు. తల్లిదండ్రులు లేరు, అన్నలే ఆధారం. పేదల పిల్లలకు, కలవారి పిల్లలకు మధ్య వైరం అందులోని ఇతివృత్తం. ఊరు అమెరికాది గాని, ఆ వైరం తెలియని తెలుగు పల్లె ఉన్నదా? భారతదేశానికి వస్తే, రస్కిన్ బాండ్ పదిహేడేళ్ళ ప్రాయంలో వ్రాసిన 'ది రూమ్ ఆన్ ది రూఫ్' 1956లో వెలువడింది. ఇల్లు విడిచి స్నేహితులలో తన చోటు వెదకుకొనే అనాథ బాలుని కథ అది. ఇటువంటి పుస్తకాలలో కత్తిపోట్లు, తొలివలపులు కూడా ఉంటాయి గనుక, ఉపాధ్యాయుడు ముందుగా చదివి ఎంచుకొనుట అవసరం.

ఎంపిక కంటె కష్టమైనది సంయమనం. లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికను విదుషి పఠనాన్ని రెండు తెరగులుగా వివరించింది: విషయసేకరణకై చదువుట ఒకటి, అనుభవానికై చదువుట మరొకటి. రైళ్ళ పట్టికను చదివినట్లు నవలను చదివిస్తే అది మరొక వాచకమే అవుతుంది. 'ఆ బాలుడు చేసిన పని సబబేనా?' అని అడిగితే తరగతి కదులుతుంది. జవాబు తప్పుల ఇంగ్లీషులో రావచ్చును, సగం తెలుగులో రావచ్చును. రానివ్వవలె. చెప్పవలసిన మాట ఉన్నవానికే భాషతో పని పడుతుంది.

ఇచ్చట తెలుగు అడ్డు కాదు, ఆసరా. ఒక భాషలో అలవడిన పఠనశక్తి మరొక భాషకు తోడ్పడుతుందని జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించాడు. జపాను రచయిత్రి కురొయనాగి 'తొత్తోచాన్' తెలుగులో 'రైలుబడి'గా లభిస్తున్నది. దానిని ముందు తెలుగులో చదివి, పిమ్మట ఇంగ్లీషులో చదివే విద్యార్థికి కథ పాతది, భాష మాత్రమే కొత్తది. సగం బరువు దిగినట్లే. కాని తెలుగులో ఈ ఈడువారికి వచ్చిన పుస్తకాలెన్ని? 1947లో పుట్టిన 'చందమామ' నేడు లేదు. ఉన్ననాడు సైతం చందమామ దాటినవారు నేరుగా పెద్దల నవలలలోనికి దూకవలసి వచ్చేది. ఆ లోటు తీర్చనిదే ఇంగ్లీషు చదువు కూడా బాగుపడదు.

పాఠ్యప్రణాళిక పూర్తి కావద్దా అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కాని కావలసినది దినానికి ఇరవై నిమిషాలు, తరగతిగదిలో ఒక అలమర, దానికి తాళం లేకపోవుట. నలభైమందికి ఒకే పుస్తకం నలభై ప్రతులు కొనుటకంటె నలభై వేర్వేరు పుస్తకాలు కొనుట మేలు. వాటిపై పరీక్ష పెట్టరాదు. పెట్టిననాడు మళ్ళీ గైడు వస్తుంది.

కలిగిన ఇండ్లలో తల్లిదండ్రులు పుస్తకాలు కొనిపెడతారు. కూలికి పోయే తల్లి బిడ్డకు ఇంగ్లీషు పుస్తకం దొరికే చోటు బడి ఒక్కటే. అక్కడా దొరకకపోతే, ఆంగ్లమాధ్యమమన్న పేరు అతనికి మిగులుతుంది; ఇంగ్లీషు మాత్రం ఇరుగుపొరుగు కలవారి బిడ్డలకే దక్కుతుంది.