అమీన్‌పూర్ అతిథులు

ఇబ్రహీం కుతుబ్ షా కాలమునాటిదని చెప్పబడు అమీన్‌పూర్ చెరువు, పటాన్‌చెరు పొగగొట్టములకు అల్లంత దూరముననే యుండియు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది మొదలు పక్షిప్రియులకు యాత్రాస్థలమైనది. అపూర్వమగు పక్షి యొకటి కనబడెనా, ఆ వార్త సెల్‌ఫోనులలో పాకి, మరునాటి ఉదయమునకు గట్టంతయు తిరునాళ్ల యగును. ఈ వేడుకను నేను నిందింపను; బిడ్డల చేతికి దుర్భిణి నిచ్చిన తండ్రులు ధన్యులు. అయినను, అరుదైన పిట్టను చూచితిమను కీర్తికంటె, అది దిగిన నీటి స్థితిని వ్రాసియుంచుట మేలు. 1931-32లో నిజాం రాజ్యమున పక్షి సర్వే జరిపిన సలీం అలీ అపురూపమైనవానితోపాటు సామాన్యమైన పిట్టలను గూడ నమోదు చేసెను గనుకనే నేడు పోల్చిచూచుటకు మనకొక ఆధారము మిగిలినది.

హిమాలయములను దాటి మంజీరకు వచ్చు పట్టెతల బాతును మనము మురిసిపోవుచు చూతుము. పరిశ్రమల వ్యర్థజలములకు దశాబ్దములు వాహికయైన నక్కవాగు ఆ నదిలోనే కలియుచున్నదని మాత్రము తలపము. పటాన్‌చెరులోనే యున్న ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రపు చెరువులలో పక్షులు నిలుచుటకు మర్మమేమియు లేదు: అచట నేల ప్లాట్లుగా మారలేదు, అంతే! అమీన్‌పూరునకు గూడ, వర్షములకు ముందే, పూర్తి నీటిమట్టము వెంబడి హద్దురాళ్లు నాటి, నీటి పరీక్షల ఫలితములను గట్టుమీదనే బోర్డున వ్రాయింపవలెను.