ఆదేశం రాసిన చేతులు

స్టీవెన్ మైల్స్ వైద్యుడు, వైద్యనీతి బోధించిన ఆచార్యుడు. 2006లో ఆయన వెలువరించిన ‘ఓత్ బిట్రేడ్’ చదవడం సాటి వైద్యుడికి సుఖమైన పని కాదు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్, గ్వాంటనామో నిర్బంధ శిబిరాల్లో ఖైదీల హింసకు మా వృత్తివాళ్లు ఎలా తోడ్పడ్డారో, గాయాలను చూసి కూడా ఎలా మౌనం వహించారో వేల పుటల ప్రభుత్వ పత్రాల నుంచే ఆయన చూపించారు. పుస్తకం మూశాక నన్ను వదలని ప్రశ్న ఒక్కటే: శిక్ష ఎవరికి పడింది?

అబూ గ్రైబ్ ఛాయాచిత్రాలు 2004 ఏప్రిల్‌లో లోకానికి తెలిశాయి. 11 మంది సైనికులు దోషులుగా తేలారు. ఒకరికి 10 ఏళ్ల జైలు పడింది. కారాగార బాధ్యతలు చూసిన బ్రిగేడియర్ జనరల్ హోదా కల్నల్‌కు తగ్గింది. అంతకు పైస్థాయి వారెవరూ బోనెక్కలేదు.

మరి ఆదేశాల మాటేమిటి? 2002 డిసెంబరు 2న రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ గ్వాంటనామో కోసం కఠిన విచారణ పద్ధతులను ఆమోదించారు. ఖైదీని 4 గంటలు నిలబెట్టడం వాటిలో ఒకటి. తాను రోజుకు 8 నుంచి 10 గంటలు నిలబడతానని, 4 గంటల పరిమితి ఎందుకని ఆ కాగితం మీదే స్వదస్తూరితో రాశారు. ఆ ఆమోదమే గ్వాంటనామో హింసకు ప్రత్యక్ష కారణమని, అబూ గ్రైబ్‌లో జరిగింది కొందరు సైనికుల సొంత నిర్వాకం మాత్రమే కాదని 2008లో సెనేట్ సాయుధ దళాల కమిటీయే తేల్చింది.

ఆరు వారాల్లో ఆ ఆమోదాన్ని ఉపసంహరించారు కదా అంటారు సమర్థకులు. నిజమే. కానీ జపాన్ సేనాని యమషితాను 1946లో ఉరితీసింది అమెరికాయే. మనీలాలో తన బలగాల దురాగతాలు తనకు తెలియవన్న ఆయన వాదనను తోసిపుచ్చి, అదుపు చేయకపోవడమే నేరమన్నారు. ఆ తీర్పుతో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే ఇద్దరు విభేదించారు. నేను ఉరి కోరడం లేదు, విచారణ అడుగుతున్నాను. ఓడినవాడికి వర్తించిన సూత్రం గెలిచినవాడి గడప దాటకపోతే అది న్యాయం కాదు, విజయగర్వం.

ఆసుపత్రిలో ప్రాణాంతకమైన మోతాదు ఎక్కించిన నర్సును తొలగించి, ఆ మోతాదు రాసిన వైద్యుణ్ణి వదిలేస్తే మనం ఊరుకుంటామా?

“మనకెందుకండీ ఈ గొడవ?” అంటారు ఇక్కడి తెలుగు మిత్రులు. ఈ దేశంలో పన్ను కడుతున్నాం గనుక. ఆ శిబిరాలు మన డబ్బుతోనూ నడిచాయి గనుక. రోజుకు 10 గంటలు నిలబడతానన్న మనిషి, బోనులో ఒక్క గంటైనా నిలబడకుండానే 2021లో కన్నుమూశారు గనుక.