డొల్లగోడకు టెలివిజను

“మా అబ్బాయి హైదరాబాదులో అద్దెకున్న యింట్లో గోడమీద తడితే డొల్లగా మోగుతోంది. పెద్ద టీవీ కొన్నాడు. దానిని ఆ గోడకే తగిలిస్తానంటాడు. క్రింద మనుమడు ప్రాకుతుంటాడు. తగిలించవచ్చునా?” అని ఒక సోదరి అడిగారు. పలువురికి పనికివచ్చే ప్రశ్న గనుక యీ నెల దీనినే తీసుకొన్నాము.

1964లో యింజను కర్మాగారం వెలిసిన నాటినుండి మన సునాబెడలో మరలూ కొలతలూ ఎరుగని యిల్లు అరుదు. అయినా మన చేతులకు అలవాటైనది యిటుకగోడ. రంధ్రం తొలిచి, చెక్కముక్క దిగగొట్టి, స్క్రూ బిగిస్తే చాలు, గోడ పట్టుకొంటుంది. పిల్లలు కాపురముండే కొత్త యిళ్ళలో కొన్ని గోడలు అటువంటివి కావు. నిలువుగా బద్దలు నిలిపి, రెండు ప్రక్కలా అరంగుళం మందపు జిప్సం పలకలు బిగిస్తారు. నడుమ అంతా ఖాళీయే. ఇటువంటి పలకకు 1894లో అమెరికాలో ఆగస్టిన్ సాకెట్ అనే ఆయన పేటెంటు పొందాడు. పలక నిప్పుకు కొంత ఓర్చుకొంటుంది గాని, తడికీ బరువుకూ ఓర్చుకోదు. చిన్న పటాన్ని మోస్తుంది; ఇరవై కిలోల టీవీని దానికి అప్పగించరాదు. ఆ బరువు లోపలి బద్దలే మోయాలి.

బద్దలను వెదకడానికి ఒక అయస్కాంతం చాలు. గోడమీద మెల్లగా జరిపితే పలక బిగించిన స్క్రూల దగ్గర అంటుకొంటుంది. అవి నిలువుగా ఒకే వరుసను దొరికితే అక్కడ బద్ద వున్నట్లే. అమెరికా యిళ్ళలో బద్దలు చాలవరకు చెక్కవి. నడిమినుండి నడిమికి సాధారణంగా 16 అంగుళాలు, కొన్నిచోట్ల 24. చెక్క వెడల్పు అంగుళంన్నర మాత్రమే గనుక, సన్నని మేకుతో రెండంచులూ తెలుసుకొని సరిగా నడుమ తొలవాలి. రెండు బద్దలకైనా బిగింపు వుండాలి. స్విచ్చికి నేరుగా పైనా క్రిందా తీగలుంటాయి, అక్కడ తొలవరాదు. మెయిను ఆపనిదే పని మొదలుపెట్టరాదు.

మన దేశంలో యీ బద్దలు తరచు పలుచని రేకువి. వాటిలో మామూలు స్క్రూకు పట్టు చాలదు. గోడ కట్టేటప్పుడే పలక వెనుక ప్లైవుడ్ పెట్టించడం ఉత్తమం. కట్టి వున్న గోడకైతే, వెనుకకు పోయి రెక్కలు విచ్చుకొనే బోల్టులను రేకుబద్ద గుండానే బిగించాలి. ముందుకు లాగే చేయి వున్న బ్రాకెట్టు వద్దు. టీవీ ఎంత ముందుకు వస్తే పైస్క్రూలను అంత బలంగా పీకుతుంది. నీళ్ళబిందెను చేయిచాచి పట్టుకొన్న వారికి యీ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ సోదరికి మా సలహా. ఇల్లు అద్దెది, క్రింద పసివాడు తిరుగుతాడు. ఆ యింట్లోనే యిటుకగోడ మరొకటి వుంటే టీవీ అక్కడికి మార్చమనండి. లేదా యెత్తు తక్కువదైన బరువైన బల్లమీద పెట్టి, వెనుకనుండి పట్టీతో బల్లకు బిగించమనండి. అబ్బాయి కాస్త చిన్నబుచ్చుకొన్నా ఫరవాలేదు; మనుమడు నిశ్చింతగా ప్రాకుతాడు.