ఛక్కా

ఈ ఉగాదితో మొదలయ్యే సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు చూశాక, చాలా రోజులుగా వాయిదా వేస్తున్న సంగతి రాయక తప్పదనిపించింది.

సంక్రాంతికి ఆర్మూర్ పోయాను. పసుపు తవ్వకాలు మొదలయ్యే రోజులు. నలుగురు కలిస్తే ఈసారి కొమ్ముకు ధరెంత, మండకెంత అన్న ముచ్చటే. సిద్ధుల గుట్ట నల్లరాళ్లు కనిపించే ఖాళీ జాగాలో టెన్నిస్ బంతితో క్రికెట్ టోర్నమెంటు పెట్టారు. ఒక షామియానా, రెండు స్పీకర్లు, మైకు పట్టుకుని ఒక కుర్రాడు. మా దగ్గర క్రికెట్ వ్యాఖ్యానం సగం తెలుగు, సగం ఉర్దూ. బంతి గాల్లోనే తాడు దాటిందంటే ‘ఛక్కా!’ అని కేక. అలా రెండు మూడు పడ్డాక ఓ బక్కపలచటి పిల్లవాడు బ్యాటింగుకు వచ్చి, వరసగా మూడు బంతులు వదిలేసి నాలుగోదానికి బౌల్డయ్యాడు. మైకు ఊరుకుంటుందా? “ఛక్కా కొట్టుమంటే ఛక్కానే వచ్చిండు రా భై!” షామియానా అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, చేతిలో చాయ్ ఒలికేంతగా.

ఆరు పరుగులకూ అదే మాట. హిజ్రానో, గేనో, కాస్త ఆడంగి నడక ఉన్న పిల్లవాడినో చిన్నబుచ్చడానికీ అదే మాట. అచ్చ తెలుగులోనూ మనకు కొరతేం లేదు. తేడాగాడు, గాజులు తొడుక్కో, చీర కట్టుకో. ఆడంగి వేషాలతో జనాన్ని నవ్వించిన నటుడు మాడా వెంకటేశ్వరరావు ఇంటిపేరునే తిట్టుగా వాడుకున్నవాళ్లం. చీర కట్టుకోమనడం అవమానం అనుకునే మనమే బోనాల నాడు చీర కట్టి, ముఖాన పసుపు పూసుకుని శివాలూగే మగ శివసత్తుల కాళ్లకు మొక్కుతాం. ఆ పసుపు మా ఆర్మూర్ చేలదే కావచ్చు కూడా.

వెక్కిరింతకు ఒకప్పుడు సర్కారీ ముద్రా ఉండేది. 1329 ఫస్లీలో, అంటే 1919లో, నిజాం రాజ్యం ఒక చట్టం చేసింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, ఆడ దుస్తుల్లో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవడం దాని పని. ఆర్మూర్ ఆ రాజ్యంలోనిదే. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీసేశాక కూడా ఈ చట్టం పుస్తకాల్లో బతికే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. మైదానంలో ఎగిరే మాటకు ఇంత పాత వేరు ఉంది.

ఇక మనం ఉంటున్న మెల్‌బోర్న్ సంగతి. ఇక్కడి ఫుటీలో, అంటే ఏఎఫ్ఎల్ సంస్థ నడిపే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో, ఎదుటి ఆటగాణ్ని ఈ రకం మాట అన్నవాడు ఆట మానుకుని కూర్చోవాల్సిందే. 2024 ఏప్రిల్‌లో పోర్ట్ అడిలైడ్ ఆటగాడు జెరెమీ ఫిన్లేసన్‌కు 3 మ్యాచ్‌లు. మరుసటి నెలలోనే గోల్డ్ కోస్ట్‌కు ఆడే విల్ పావెల్‌కు 5. అదే ఏడాది రెండో శ్రేణి పోటీలో ఆడుతున్న లాన్స్ కొలార్డ్‌కు 6. 2025 ఆగస్టులో అడిలైడ్ జట్టు పెద్ద ఆటగాడు ఇజాక్ రాంకిన్‌కు 4. ఐదు వేయాల్సింది, వైద్య కారణాలు చూసి ఒకటి తగ్గించామన్నారు. పట్టికలో పైన నిలిచిన అడిలైడ్, అతను లేకుండా ఫైనల్స్‌లో రెండు ఆటలూ ఓడి ఇంటిదారి పట్టింది. ఏ కేసు వివరాలు దానివే, ఒప్పుకుంటాను. అయినా చిన్న పోటీ కుర్రాడికి ఆరు, పెద్ద జట్టు తారకు నాలుగు అని పక్కపక్కన రాసినప్పుడు నా పెన్ను కాసేపు ఆగింది. ఇంత కఠినంగా ఉన్న ఏఎఫ్ఎల్ సంస్థే ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్లో పాడటానికి స్నూప్ డాగ్‌ను పిలిచింది. ఆయన పాత పాటల్లో ఉన్నవి ఏం మాటలయ్యా అని పత్రికలు అడిగాయి. అడగవా మరి!

మన క్రికెట్ దగ్గరికి వస్తే లెక్క ఇంకా విచిత్రం. 2019 ఫిబ్రవరిలో సెయింట్ లూసియా టెస్టులో వెస్టిండీస్ బౌలర్ షానన్ గాబ్రియెల్, ఇంగ్లండ్ కెప్టెన్ జో రూట్‌ను నీకు అబ్బాయిలంటే ఇష్టమా అని అడిగాడు. అలా ఉండటంలో తప్పేముందన్న రూట్ జవాబు స్టంప్ మైకులో పడి లోకమంతా విన్నది. గాబ్రియెల్‌కు 4 వన్డేల నిషేధం పడిందని చదివి చాలామంది మెచ్చుకున్నారు. నిజానికి ఆ మాటకు పడింది మ్యాచ్ ఫీజులో 75 శాతం జరిమానా, 3 డీమెరిట్ పాయింట్లు, అంతే. అప్పటికే అతని ఖాతాలో 5 పాయింట్లున్నాయి. అవీ ఇవీ కలిసి 8 అయ్యాయి కాబట్టి నిషేధం వచ్చింది. ఖాతా ఖాళీగా ఉంటే తర్వాతి మ్యాచ్‌కే బంతి పట్టుకునేవాడు. దానికి కొద్ది రోజుల ముందు దక్షిణాఫ్రికా ఆటగాడి మీద జాతి మాట అన్నందుకు పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్‌కు నేరుగా 4 మ్యాచ్‌ల నిషేధం పడింది. దానికి జాతివివక్ష నిరోధక నియమావళి అని విడిగా ఒకటి ఉంది. గాబ్రియెల్ తప్పు మాత్రం ‘వ్యక్తిగత దూషణ’ అనే గంపలో పడింది.

ఇక్కడి క్రికెట్‌దీ అదే గంప. 2020 జనవరిలో మన ఎంసీజీలోనే మార్కస్ స్టోయినిస్ ఎదుటి జట్టు కేన్ రిచర్డ్‌సన్‌ను ఇలాంటి మాటే అన్నదానికి 7,500 డాలర్ల జరిమానాతో సరి. ఆట ఒక్కటీ పోలేదు. పసుపు యార్డులో కొమ్మును, మండను, చూరను విడిగా కుప్ప పోస్తేనే ధర తేలుతుంది. అన్నీ కలిపి ఒకే కుప్ప చేస్తే ఎవరికి లాభమో ఆర్మూర్ రైతును అడగండి.

జరిమానా మీద నాకు మొదటినుంచీ గురి లేదు. 2011లో రిఫరీని ఇలాంటి మాటే అన్నందుకు బాస్కెట్‌బాల్ దిగ్గజం కోబీ బ్రయంట్‌కు లక్ష డాలర్లు వేశారు. వినడానికి ఘనంగానే ఉంది. ఆ ఏడాది ఆయన జీతం దాదాపు 2.5 కోట్ల డాలర్లు. లక్ష రూపాయల పసుపు అమ్మిన రైతుకు నాలుగు వందలు వేసినట్టు. అదే బెంచీ మీద కూర్చోబెడితే? డబ్బు ఎంతున్నా ఆడలేని శనివారాన్ని ఎవరూ కొనుక్కోలేరు.

తిట్టు తిన్నవాడు గే కాదు కదా, వాడికే బాధ లేనప్పుడు మీకెందుకు అని ఇక్కడి మన తెలుగు సంఘంలో ఒకాయన అడిగారు. మైదానంలో ఎగిరిన రాయి ఎవరికి తగలాలని విసిరారో వాడికే తగులుతుందా? గ్యాలరీలో కూర్చున్న ఏ పదిహేనేళ్ల పిల్లవాడో దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోతాడు. రాంకిన్‌కు శిక్ష పడ్డ కొద్ది రోజులకే మిచ్ బ్రౌన్ అనే మాజీ ఆటగాడు తాను బైసెక్సువల్‌నని చెప్పాడు. ఏఎఫ్ఎల్ ఆడిన మగవాళ్లలో అలా బయటపడ్డవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. హైదరాబాదులో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందిన స్ప్రింటర్ ద్యుతీ చంద్ 2019 మేలో తనకు ఒక అమ్మాయితో అనుబంధం ఉందని చెప్పింది. ఒడిశాలోని సొంత ఇంట్లోంచే మొదట దెబ్బలు పడ్డాయి. అయినా అదే జులైలో నేపుల్స్ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చింది.

చెప్పాల్సినది ఒకటి మిగిలింది. పోయిన సీజనులో మన సంఘం టోర్నమెంటులో ఇలాంటి మాటే పడింది. కమ్మర్‌పల్లి నుంచి వచ్చి ఇక్కడ ట్రామ్ నడుపుతున్న మా అంపైరు మ్యాచ్ షీటు పట్టుకుని నా దగ్గరికొచ్చి, “అన్నా, దీన్ని ఏ గడిలో రాయాలె?” అన్నాడు. షీటులో ‘అనుచిత ప్రవర్తన’ అని ఒకటే గడి. “పోనీ తమ్మీ, ఆటల మామూలే” అని పంపేశాను.

వచ్చే అక్టోబరు నుంచి ఆ గడి విడిగా ఉంటుంది. మొదటిసారికి రెండు మ్యాచ్‌లు, రెండోసారికి సీజనంతా. డబ్బు కట్టి తప్పించుకోవడం లేదు. విని ఊరుకున్న కెప్టెన్‌కు ఒక మ్యాచ్. కమిటీ పెద్దలకూ ఇదే, ఇది రాస్తున్న సంపాదకుడికీ ఇదే. మొన్నటి సమావేశంలో దీన్ని చదివి వినిపిస్తే వెనక వరసలోంచి ఒకాయన లేచారు. “ఛక్కా అంటే సిక్సు అనే అన్న అంటడు. గప్పుడేం జేస్తరు?” అందరూ నవ్వారు. నేను జవాబు వెతుక్కుంటుంటే మా అంపైరు అందుకున్నాడు.

“సిక్సు కొట్టినోన్ని జూసి అన్నడా, అవుటైనోన్ని జూసి అన్నడా, గంతే సూస్త.”