బొమ్మల కొలువులో కరెంటు పోలేదు, లైట్లు పోయాయి

నిరుడు దసరాకి వైట్‌ఫీల్డ్‌లో మా ఇంటికి వచ్చినవాళ్లకి ఆ మూడోరోజు సాయంత్రం గుర్తుండే ఉంటుంది. ఏడు మెట్ల కొలువు పెట్టాం. పేరంటాళ్లు అప్పుడప్పుడే రావడం మొదలైంది. ఉన్నట్టుండి హాల్లో ఆరు లైట్లూ ఒక్కసారే ఆరిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది, ఫ్రిజ్జు మోగుతోంది, ఎదురు ఫ్లాటులో వెలుగుంది. అంటే కరెంటు పోలేదు. అమ్మ పూజగదిలోంచి రెండు కుందులు తెచ్చి మెట్ల పక్కన పెట్టింది. పిల్లలు ఫోన్ల టార్చీలు పట్టారు. ఒకరిద్దరు ఇలాగే బాగుందన్నారు. మర్యాదకే అన్నారనుకుంటాను.

మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ కోలారు వైపు కుర్రాడు. మన తెలుగే, కాస్త కన్నడం కలిసిన తెలుగు. నాన్న పాత మల్టీమీటరు చేతికిస్తే ట్రాక్ మీద పెట్టి చూశాడు. 48 రావలసిన చోట సున్నా. "సార్, పోయిండేది లైట్లు కాదు, డ్రైవరు. అది ఎక్కడ పెట్టించినారు?" అన్నాడు. అందరం తలెత్తి చూశాం. అది తెల్లగా, నున్నగా, ఎక్కడా సందు లేని ఫాల్స్ సీలింగు పైన ఉంది. ఎక్కడుందో కచ్చితంగా తెలిసినవాడు అది బిగించినవాడొక్కడే. అతని ఫోను స్విచ్ఛాఫ్.

ఇది చదివి ట్రాక్ లైట్లు వద్దంటున్నాననుకోకండి. 48 వోల్టుల ఎల్‌ఈడీ ట్రాక్ మంచి వస్తువు. దాన్ని మన ఇళ్లలో పెట్టే పద్ధతే తప్పు అంటున్నాను. ఆ తప్పులో సగం మాది. అడగవలసినవి మేం అడగలేదు.

48 అనే అంకె మన ఇంటికి కొత్తది కాదు. నాన్న మదనపల్లి నుంచి బెంగళూరు వచ్చింది ఐటీఐలో పని చేయడానికి. 1948లో మొదలైన ఆ టెలిఫోను ఫ్యాక్టరీ వల్లే ఆ పేటకి దూరవాణినగర్ అని పేరు. ఇప్పుడు మనం వైట్‌ఫీల్డ్‌కి మెట్రోలో వెళ్లేటప్పుడు దాటే కె.ఆర్.పురం పక్కనే అది. టెలిఫోను ఎక్స్ఛేంజిలు నడిచేది 48 వోల్టుల డీసీ మీద. మనిషి ముట్టుకుంటే ప్రాణం మీదికి రానంత తక్కువ, ఊరి చివరి ఇంటిదాకా తీగ మీద మాట వెళ్లేంత ఎక్కువ. ఎక్స్ఛేంజిలో బ్యాటరీల వరస ఉండేది కాబట్టి ఊళ్లో కరెంటు పోయినా నల్ల ఫోను పలికేది. చిన్నప్పుడు నాన్న ఇది చెబుతుంటే సగమే విన్నాను. మిగతా సగం నిరుడు, నిచ్చెన కింద నిలబడి అర్థం చేసుకున్నాను.

లైట్లకీ ఆ లెక్కే. వంద వాట్ల వెలుగు 12 వోల్టుల మీద కావాలంటే తీగలో ఎనిమిది ఆంపియర్ల పైన పారాలి. 48 మీద అయితే రెండు చాలు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే తీగలో నష్టం పదహారో వంతుకి పడిపోతుంది. 12 వోల్టుల స్ట్రిప్ లైటు ఒక కొసన తెల్లగా, ఇంకో కొసకి వెళ్లేసరికి నీరసంగా ఉండడం చాలామంది ఇళ్లలో చూసే ఉంటారు. కారణం ఇదే. 48లో ఆ బాధ చాలా తక్కువ. పైగా ట్రాక్‌లో అయస్కాంతం ఉంటుంది. లైటుని చేత్తో లాగి ఇంకోచోట అతికించవచ్చు. కొలువు పెట్టినరోజు మా కోడలుపిల్ల స్టూలెక్కి, స్విచ్ కూడా ఆపకుండా, ఆరు లైట్లనీ మెట్ల వైపు తిప్పింది. కొండపల్లి ఏనుగు అంబారీ మీద ఒకటి, అమ్మ పెళ్లినాటి మరపాచి జంట మీద ఒకటి. ఇన్నేళ్లలో ఆ బొమ్మల మొహాలు అంత స్పష్టంగా చూడలేదు. పాత ట్యూబులైటు ఈ పని చేయలేదు, ఒప్పుకోవాలి.

మరి తప్పు ఎక్కడ? ట్రాక్ లైటుకి పేరొచ్చింది దుకాణాల్లో, మ్యూజియంల్లో. అక్కడ సరుకు మారినప్పుడల్లా వెలుగు జరగాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి మొహం ఎలా ఉందో ఎవరికీ పట్టదు. అదే లైటుని తెచ్చి మనుషులుండే హాల్లో, సోఫా నడినెత్తిన, సన్నటి బీములో దించుతున్నారు. కూర్చున్నవాళ్ల కళ్ల కింద నీడలు, బట్టతల మీద మెరుపు, గోడలన్నీ చీకటి. ఈమధ్య వైట్‌ఫీల్డ్‌లో గృహప్రవేశాలకి వెళ్తే హాల్లోకి అడుగుపెడుతున్నామో మాల్‌లో షాపుకెళ్తున్నామో తెలియడం లేదు.

మన ప్రాంతానికి ఇదీ కొత్త కాదనుకోండి. శివనసముద్రం నుంచి 1902లో తీగలు లాగింది మొదట కోలారు బంగారు గనులకి. బెంగళూరు వీధిలో విద్యుద్దీపం వెలిగింది 1905 ఆగస్టు 5న, మార్కెట్టు దగ్గర. ఇళ్ల వంతు ఆ తర్వాతే. పనికోసం, అమ్మకం కోసం తయారైన వెలుగు ఇంట్లోకి వచ్చాక దాన్ని ఇంటికి తగ్గట్టు మార్చుకోవలసింది మనమే.

అమ్మకి డెబ్భై ఎనిమిది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. కొత్త లైట్లు వెలిగించిన మొదటిరోజే, "కండ్లల్లో పొడస్తా ఉండాయిరా నాయనా" అంది. అలవాటవుతుందిలే అన్నాను. తప్పు నాది. అరవై దాటిన కంట్లో రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్లవాడితో పోలిస్తే మూడో వంతే ఉంటుంది. అంటే పెద్దవాళ్లకి వెలుగు ఎక్కువ కావాలి. కానీ మసకబారిన కటకంలో నేరుగా పడ్డ వెలుగు చెదిరి తెర కడుతుంది. వెలుగు కావాలి, లైటు కనపడకూడదు. సీలింగులో గుచ్చిన చిన్న స్పాట్లు సరిగ్గా దీనికి తలకిందులు. నెల తిరిగేసరికి అమ్మ హాల్లో పేపరు చదవడం మానేసింది. పువ్వులు కట్టడానికి పగలే బాల్కనీలోకి వెళ్లేది. నాకు తట్టలేదు, మా ఆవిడ చెప్పింది.

ఇంకో సంగతి రంగు. చీరల కొట్లో మన ఆడవాళ్లు నచ్చిన చీరని గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తారు కదా. కొట్టువాడి లైటుని నమ్మరు. ఎండతో పోలిస్తే లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె ఉంది, సీఆర్‌ఐ అంటారు. నూరు గరిష్ఠం. మామూలు ఎల్‌ఈడీలు ఎనభై దగ్గర ఉంటాయి. తొంభై పైన అడిగి తీసుకోండి. ముదురు ఎరుపుకి విడిగా ఆర్9 అని ఇంకో అంకె ఉంటుంది, అదీ అడగండి. అది తక్కువైతే కుంకుమ ఇటుకపొడిలా, టమోటా పచ్చడి పాతబడ్డట్టు కనిపిస్తుంది. డబ్బా మీద వాట్లు చదువుతాం, ఇవి చదవం.

ఇక డ్రైవరు. వెనక ట్యూబులైటుకి చోకు ఎలాగో దీనికి డ్రైవరు అలాగ. 230 వోల్టుల ఏసీని 48 డీసీగా మార్చేది అదే. డిజైనరు మాకు యాభై వేల గంటలు చూసుకోనక్కర్లేదన్నాడు. అది ఎల్‌ఈడీ చిప్పు ఆయుష్షు. డ్రైవరులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటాయి, వేడికి ఎండిపోతాయి. గాలి ఆడని జిప్సం బోర్డు పైన పడేస్తే ఇంకా త్వరగా పోతాయి. చోకు పోతే నాన్న స్టూలెక్కి పది నిమిషాల్లో మార్చేవారు. ఇక్కడ సీలింగు కోయాల్సి వచ్చింది, మళ్లీ అతకాల్సి వచ్చింది, పెయింటు కలవలేదు. మచ్చ ఇప్పటికీ ఉంది, వచ్చినప్పుడు చూడండి. ఇంకో తిరకాసు, ఒక కంపెనీ లైటు ఇంకో కంపెనీ ట్రాక్‌లో చాలాసార్లు పట్టదు. ఆ మోడల్ ఆపేశారంటే ఆరు లైట్ల కోసం ట్రాక్ మొత్తం పీకాలి. అందుకే కొనేటప్పుడే రెండు లైట్లు అదనంగా తీసుకోమంటాను.

నవ్వొచ్చే విషయం ఒకటుంది. కరెంటు పోయినప్పుడు మన ఇన్వర్టరు బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 ఏసీ చేస్తుంది. డ్రైవరు దాన్ని మళ్లీ 48 డీసీ చేస్తుంది. ప్రతి మార్పులో కొంత వేడిగా పోతుంది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 48 వోల్టుల డీసీతోనే ఇంటికి లైట్లు, ఫ్యాన్లు నడిపే పద్ధతి తయారుచేసి ఊళ్లలో పెట్టించింది. వైట్‌ఫీల్డ్ బిల్డర్లలో ఒక్కరైనా ఫ్లాటులో అలాంటి లైను ఇస్తే బాగుండును. ఇంకో క్లబ్‌హౌస్ కంటే అదే పనికొస్తుంది.

మేం చివరికి ఏం చేశామంటే, కొత్త డ్రైవరుని ఎంసీబీ పెట్టె పక్కన, చెప్పుల అరల పైన, తలుపున్న గూట్లో పెట్టించాం. గాలి ఆడుతుంది, చెయ్యి అందుతుంది. (ట్రాక్ ముట్టుకోవచ్చు గానీ గూట్లో డ్రైవరుకి వచ్చేది 230 వోల్టులే, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి.) సోఫా మీది లైట్లని గోడల వైపు తిప్పాం. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగుతో హాలు మెత్తగా ఉంది. అమ్మ కుర్చీ పక్కన వెడల్పు బీము లైటు ఒకటి భుజం వెనకనుంచి పడేట్టు పెట్టాం. ట్రాక్‌తో సంబంధం లేకుండా, వేరే స్విచ్చి మీద, గోడకి ఒక ఎల్‌ఈడీ ట్యూబు కూడా బిగించాం. దాని మీదే ఇంట్లో గొడవ. మా ఆవిడకి అది కంటికి నలుసు. "అంత ఖర్చు పెట్టి రేషను షాపు లైటు తెచ్చారు" అంటుంది. చుట్టాలొస్తే అది ఆపేస్తుంది, వాళ్లు వెళ్లగానే అమ్మ వేసుకుంటుంది. ఈ విషయంలో నేను అమ్మ పక్షమే, కానీ ఇంట్లో గట్టిగా అనను.

ఈ ఏడాది కొలువుకి లైట్లు మళ్లీ మెట్ల వైపు తిరుగుతాయి. అదనంగా కొన్న డ్రైవరు బొమ్మల పెట్టెలో, చెట్టియారు బొమ్మ పక్కన, పాత పంచెగుడ్డలో చుట్టి ఉంది. పెట్టె విప్పేటప్పుడు ఎవరూ దాన్ని చూసి పారేయకండి.