ట్రాన్స్‌ఫార్మరు నూనెకు ఆమ్లపరీక్ష కావలెను

నూజివీడు ప్రాంతపు మామిడి రైతునకు పిందె నిలిచిన దినములెట్టివో వేఱుగ చెప్పనక్కఱలేదు. అప్పుడే చెట్టునకు తడి కావలెను. అప్పుడే ట్రాన్స్‌ఫార్మరు కాలినచో దాని క్రింది బోర్లన్నియు ఒక్కసారిగ నిలిచిపోవును. కాలినదానిని పల్లెలలో 48 గంటలలో మార్చవలెనను నియమము కలదు. మార్చుటకంటె కాలకుండ చూచుకొనుట మేలని మా యభిప్రాయము.

మన పొలములలోని ట్రాన్స్‌ఫార్మరు 11 కిలోవోల్టుల కరెంటును మోటార్లకు తగినట్లు 433 వోల్టులకు దించును. దాని తొట్టిలో తీగచుట్టలు, వానిపై కాగితపు పొరలు, అన్నిటిని ముంచి ఖనిజతైలము ఉండును. కరెంటు దాటకుండ అడ్డగించుట, వేడిని వెలుపలికి కొనిపోవుట ఈ నూనె పనులు. వేడియు, తేమయు, గాలిలోని ప్రాణవాయువును కలిసి ఏండ్లతరబడి దానిని చెఱచును. లేతపసుపు నూనె ముదురు గోధుమరంగునకు తిరుగును, పులుపెక్కును. (ఆవకాయ జాడీలోని నూనె నాటుకొనిన కంపుకొట్టుట మన యిండ్లలో ఎఱిగినదే.) తుదకు జిగటమడ్డి చుట్టలపై పేరుకొని వేడిని బయటకు పోనీయదు.

మనము సాధారణముగ వినునది ఒక్క పరీక్షయే. 2.5 మిల్లీమీటర్ల ఎడముగల రెండు లోహపు కొనల నడుమ నూనె ఎన్ని కిలోవోల్టుల కోర్చునో చూతురు. 30కి లోబడినది పనికిరాదు. ఈ పరీక్ష తేమను, మలినమును పట్టునే కాని ముసలితనమును పట్టదు. ఇచ్చటనే మనము మోసపోవుచున్నాము. నూనెను వేడిచేసి వడకట్టినచో తేమ పోవును, అంకె పైకి లేచును, నూనె బాగున్నదని వ్రాసికొందురు. పులుపు మాత్రము అట్లే నిలిచి లోపలి కాగితమును తినుచునే యుండును. నూనెను మార్చవచ్చును; చివికిన కాగితమును తిరిగి క్రొత్తదిగ చేయు నుపాయము లేదు.

కావుననే ఆమ్లపరీక్షను కోరుచున్నాము. ఒక గ్రాము నూనెలోని ఆమ్లమును విఱుచుటకు ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడు పట్టునో దీనివలన తెలియును. 0.3 దాటినచో నూనెను మార్చవలెను, లేదా తగిన మట్టిగుండ నడిపి శుద్ధిచేయవలెను.

ప్రతి చిన్న ట్రాన్స్‌ఫార్మరునకు ఇంత వ్యయమా యని అధికారు లడుగవచ్చును. 25 కె.వి.ఎ. వాని విషయమున ఆ మాట కొంత నిజమే. అందుచే 63, 100 కె.వి.ఎ. వానిలో పాతవానితో మొదలుపెట్టుడని మేమందుము.

మన తప్పును గూడ ఒప్పుకొనవలెను. అనుమతి లేని మోటారును రాత్రికి రాత్రి తగిలించు సోదరులు ప్రతి గ్రామమునను కలరు. వేడి 6 డిగ్రీలు పెరిగినచో కాగితపు ఆయువు సగమగునని నిపుణులు లెక్కింతురు. నూనె పరీక్ష నడుగు సంఘము తన సభ్యుల మోటార్ల లెక్కను ముందుగా చూపవలెను. కరెంటు మన సంఘములకు పరాయి విషయమని కొందఱనుచున్నారు. సిరిసిల్లలో 1970 నుండి కరెంటు సరఫరా చేయుచున్నది సహకార సంఘమే.

వానలు వెళ్లిన పిమ్మట, పొడిగానున్న దినమున, లైను నిలిపి, సరఫరా సిబ్బందియే తొట్టి అడుగు వాల్వునుండి ఎండిన గాజుసీసాలోనికి నమూనా తీయవలెను. రైతు లెవ్వరును దిమ్మె ఎక్కరాదు. తేదీ, రంగు, రెండు అంకెలు సంఘపు పుస్తకమున వ్రాయింపవలెను. ఒక యేటి అంకెకంటె ఏటేట అది పెరుగు వేగమే ఎక్కువ చెప్పును. ఈ మేరకు సరఫరా సంస్థకు అర్జీ పంపుటకు రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రతిపాదింపనున్నాము.